ఇంజన్‌కు బొట్టు

ఆదివారం పొద్దున టిఫిన్ తిని కిందికి దిగిన సురేంద్ర, కారు బానెట్ ఎత్తి లోపలికి చూసి మొహం చిట్లించాడు. ఎండుటాకులు, బొద్దింక రెక్కలు, ఎలుక ఎక్కణ్ణుంచో లాక్కొచ్చి పెట్టుకున్న దూది, వీటన్నిటి మీదా నూనెలో నానిన దుమ్ము. వంటింటి చిమ్నీ వెనక పేరుకునే జిడ్డు లాగే ఉంది. అతను బానెట్ మూయకుండానే మూడో అంతస్తులో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

"రమ్యా, ఒకసారి కిందికి రా."

రమ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ కారు కాగితాల్లో సురేంద్రది, తోలేది రమ్య. కూతురు రసజ్ఞను బడికి దింపడం, అత్తగారిని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం, మదీనాగూడ నుంచి కూకట్‌పల్లి దాకా ఇంటి పనులన్నీ ఆ కారు మీదే జరుగుతాయి. అయినా బానెట్ కింద ఇంత ఉందని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"దీన్ని కడగల్ల," అన్నాడు సురేంద్ర.

"వాటర్ వాష్‌కు ఇస్తే వాళ్ళే కడుగుతారు గదా."

"వాళ్ళు ప్రెషర్ పంపు పెట్టి కొడతారు. ఫ్యూజు బాక్సులోకి నీళ్ళు పోయినాయంటే బండి స్టార్టే కాదు. గురువారం ఆ పిల్లకు తాళాలియ్యల్ల. నువ్వే ఇంట్లో మెల్లగా చెయ్యి. నీకైతే ఓపికుంటాది."

భార్య ఓపిక గురించి సురేంద్ర ఏడాదికి ఒకటి రెండుసార్లు మాట్లాడతాడు, అదీ ఏదైనా పెద్ద పని ఉన్నప్పుడే. రమ్యకు అది తెలుసు. తెలిసీ ప్రతిసారీ కాస్త సంతోషపడుతుంది.

"అమ్మేసే బండికి ఇంత ఎందుకు?" అని మాత్రం అడిగింది.

"అమ్మేదానికే గదా కడిగేది. సైటు చూపించేటప్పుడు మేము ఏం చేస్తాం? ముందు ముళ్ళకంప కొట్టేసి, హద్దురాళ్ళకు సున్నం కొట్టిస్తాం. కొనేవాడు నేలను చూడడు, తెల్లరాళ్ళను చూస్తాడు."

సురేంద్ర శంకర్‌పల్లి రోడ్డులో ప్లాట్లు అమ్ముతాడు. కస్టమర్లను ఈ చిన్న కారులో కుక్కి తీసుకుపోతుంటే వాళ్ళ మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగులుతున్నాయని పెద్ద బండి బుక్ చేశాడు. అది గురువారం సాయంత్రం వస్తుంది. అపార్ట్‌మెంట్లో వాళ్ళకున్నది ఒక్కటే పార్కింగ్ జాగా, కాబట్టి పాతది ఆలోపే పోవాలి. నిజానికి ఈ రెండూ మొదట శుక్రవారం అనుకున్నారు. శుక్రవారం పూట ఇంట్లో లక్ష్మిని ఎవరైనా బయటికి పంపుతారా అని సురేంద్ర తల్లి ఈశ్వరమ్మ అడ్డం పడింది. కారులో లక్ష్మి ఉందని ఆమెకు అమ్మేటప్పుడే గుర్తొచ్చింది.

ఆ పిల్ల అంటే కృష్ణప్రియ, బంధువు కాకపోయినా రమ్యను అక్కా అని పిలిచే అమ్మాయి. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్లో సెకండ్ షిఫ్టు చేస్తుంది. లింగంపల్లి స్టేషన్ అవతల తల్లితో ఉంటుంది. ఈ కారు మీదే, ఆదివారం పొద్దుటి పూట ఖాళీ రోడ్లలో, రమ్య పక్కన కూర్చుని గేర్లు వేయడం నేర్పితే నేర్చుకుంది. కారు అమ్ముతున్నారని తెలియగానే నాకే ఇయ్యాలని పట్టుబట్టింది. ఎవరైనా మెకానిక్‌ను తెచ్చి చూపించుకో ప్రియా అని రమ్య అంటే నవ్వేసింది.

"నువ్వు నడిపే బండే గదక్కా. ఇంకెవనికి చూపియ్యాలె? నువ్వు మంచిగుందంటే మంచిగున్నట్టే."

బాగుంది ప్రియా, దిగులు లేకుండా తీసుకో అని రమ్య చెప్పింది. అప్పుడు ఆమెకు తెలిసినంత వరకు అది నిజమే.

సోమవారం రసజ్ఞను బడిలో దింపి వచ్చాక రమ్య వెంటనే పని మొదలుపెట్టలేదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు దాని మీద చల్లటి నీళ్ళు పడకూడదని, జిడ్డు కరిగించే మందు కొడితే అది పనిచేయకముందే ఎండిపోతుందని ముందురోజు చూసిన వీడియోలో ఉంది. వంట ముగించి, బట్టలు ఆరేసి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, చల్లబడిందని నమ్మకం కుదిరాక గాజులు తీసి జేబులో వేసుకుంది. చున్నీ ఇంట్లోనే వదిలి సురేంద్ర పాత చొక్కా తొడుక్కుంది. చేతులకు గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుంది.

ముందుగా స్పానరుతో బ్యాటరీ మైనస్ తీగను విప్పి, దానికి రసజ్ఞ పాత సాక్సు ఒకటి తొడిగి, తిరిగి తగలకుండా పక్కకు వంచింది. తర్వాత నీళ్ళు తగలకూడని వాటికి ముసుగులు వేసింది. కర్రీ పాయింట్ నుంచి సాంబారు కట్టించుకొచ్చిన కవర్లను ఆమె ఎప్పుడూ కడిగి దాస్తుంది, ఎందుకు దాస్తున్నావని ఇంట్లో అందరూ వేళాకోళం చేస్తారు. ఆ కవర్లే ఇప్పుడు పనికొచ్చాయి. ఫ్యూజు బాక్సుకు ఒకటి, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కు ఒకటి, గాలి పీల్చుకునే గొట్టం మూతికి ఒకటి తొడిగి రబ్బరు బ్యాండ్లు వేసింది. కారు కింద అట్టపెట్టెలు విప్పి పరిచి, వాటి మీద పాత దుప్పటి వేసింది. జిడ్డు నీళ్ళు పార్కింగ్‌లో పారితే అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు.

అసలు అక్కడ పైపు పెట్టి కార్లు కడగడమే నిషేధం. ఒక్క బకెట్ నీళ్ళు వాడుకోవచ్చు. బోర్లు ఎండిపోయిన వేసవిలో పెట్టిన ఆ నియమాన్ని రమ్య చాలాసార్లు తిట్టుకుంది. కానీ ఇంజన్‌కు కావలసింది కూడా అంతే. పైపు వద్దు, తడిగుడ్డ చాలు.

తడి తగలకముందే పొడి చెత్తంతా ఎత్తింది. ఆకులు చేత్తో ఏరింది, ఎలుక దూదిని పటకారుతో తీసింది, దుమ్మును గోడలకు రంగేసే బ్రష్‌తో ఊడ్చింది. అప్పుడు ఈశ్వరమ్మ లిఫ్టులో దిగి వచ్చి, వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"బండికి తలంటు పోస్తాండావా?"

"అవునత్తా."

"ఇంత కష్టం దేనికి? కిరసనాయిలు పోసి తుడిస్తే క్షణంలో పోతాది. మా నాయన లారీకి అదే పోసేవాడు."

"వేడికి అంటుకుంటాదంట అత్తా. ఈ మందు వేరే."

ఈశ్వరమ్మ మందు సీసా తీసుకుని వాసన చూసి, నిమ్మకాయ వాసనే గదా, దీనికి డబ్బులా అన్నట్టు పెదవి విరిచి ఇచ్చేసింది. రమ్య దాన్ని నీళ్ళలో కలిపి, గులాబీ మొక్కలకు కొట్టే స్ప్రే సీసాలో పోసి, కింది నుంచి పైకి కొద్దికొద్దిగా కొట్టింది. అది నానేదాకా ఆగింది, ఎండేదాకా మాత్రం ఆగలేదు. సందుల్లో పళ్ళ బ్రష్‌తో, గొట్టాల వెనక పాలసీసా కడిగే బ్రష్‌తో రుద్దింది. నల్లటి జిడ్డు కరిగి గుడ్డకు అంటుకుంటుంటే కింద నుంచి అల్యూమినియం తెల్లగా బయటపడుతోంది. తడిగుడ్డ పిండి తుడిచింది, మళ్ళీ పిండి మళ్ళీ తుడిచింది. బకెట్‌లో నీళ్ళు కాఫీ రంగుకు, తర్వాత తారు రంగుకు మారాయి. ఈ పని ఆమెకు నచ్చింది. ఇంట్లో తుడిచిన నేల సాయంత్రానికి మళ్ళీ మురికవుతుంది. ఇది అలా కాదనుకుంది.

ఇంజన్ పై భాగమూ కింది భాగమూ కలిసే అతుకు దగ్గర మాత్రం జిడ్డు వేరేగా ఉంది. మిగతా చోట్ల దుమ్ముతో గట్టిపడి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఇక్కడ మెత్తగా, తడిగా, తేనె రంగులో ఉంది. దాన్నీ తుడిచేసింది. చివరికి పొడిగుడ్డతో ఒత్తి, రసజ్ఞ జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి వైర్ల మూలలు ఆరబెట్టి, కవర్లన్నీ లెక్కచూసుకుని తీసింది. బానెట్ తెరిచే ఉంచి పైకి వెళ్ళి అన్నం తిని వచ్చాక బ్యాటరీ తీగ బిగించింది. తాళం తిప్పగానే కారు స్టార్టయింది.

సాయంత్రం సురేంద్ర చూసి ఈల వేశాడు. "షోరూము బండి మాదిరి ఉండాది గదా!" అన్నాడు. రమ్య చొక్కా చేతులకు అంటిన మరకలు చూసుకుంటూ నిలబడింది. ఆ రోజంతా ఆమెకు హాయిగా ఉంది.

మంగళవారం రసజ్ఞను బడిలో దింపి వచ్చాక ఏ అవసరమూ లేకుండానే బానెట్ ఎత్తింది. కొత్త చీర కట్టుకున్నవాళ్ళు అద్దం ముందుకు రెండోసారి వెళ్ళినట్టు ఎత్తింది. అంతా పొడిగా, శుభ్రంగా ఉంది, ఆ అతుకు దగ్గర తప్ప. అక్కడ సన్నగా మెరుస్తోంది. తెల్ల కాగితంతో ఒత్తితే తేనె రంగు మరక పడింది. తుడిచింది. మధ్యాహ్నం రసజ్ఞను తీసుకొచ్చాక చూస్తే మళ్ళీ ఉంది.

"సందులో మిగిలిన పాత నూనె అయ్యుంటాదిలే," అన్నాడు సురేంద్ర ఫోన్‌లో, వెనక ఎవరో కస్టమరు మాట్లాడుతుంటే. అయ్యుండొచ్చు. కానీ రమ్యకు మనసు ఒప్పలేదు. ఇంజన్ ఎక్కడ కారుతోందో తెలుసుకోవాలంటే ముందు కడగాలి, ఆరాక దాని మీద పొడి పౌడరు చల్లి, కాసేపు నడిపి చూడాలని ఎవరో చెప్పిన వీడియో దొరికింది. నూనె ఎక్కణ్ణుంచి వస్తే అక్కడ పౌడరు తడిసి గీత పడుతుందట. కడగడం ఎలాగూ అయిపోయింది. ఇంట్లో ఉన్న పౌడరు ఈశ్వరమ్మది, గంధం వాసనది.

బుధవారం పొద్దున బడికి బయలుదేరే ముందు అతుకు పొడవునా పౌడరు చల్లింది. తిరిగొచ్చి బానెట్ ఎత్తేసరికి గంధం వాసన గుప్పున కొట్టింది. తెల్లటి పౌడరు మీద, ఇంజన్ అతుకు వెంట, వేడికి మాడిన నూనె కాటుక పెట్టినట్టు నల్లటి గీత గీసింది. దాని కొస నుంచి ఒక బొట్టు కిందికి జారుతోంది.

భోజనానికి వచ్చిన సురేంద్రను లిఫ్టు ఎక్కనివ్వకుండా కారు దగ్గరికి తీసుకొచ్చింది.

"ఇదేంది, అమ్మ పౌడరా?" అన్నాడు.

"కారుతాండాది చూడండి. ఈ అతుకులో నుంచే."

అతను వంగి చూడలేదు. కొత్త సంగతి అయితే మనిషి వంగి చూస్తాడు. సురేంద్ర నిలబడ్డ చోటి నుంచే తల ఊపాడు, అంతే. రమ్యకు అక్కడే అర్థమైంది.

"మీకు ముందే తెలుసు."

"పోయిన నెల సర్వీసింగులో చెప్పినాడు. హెడ్ గాస్కెట్, అంటే ఆ అతుకులో ఉండే పట్టీ, పోతాందంట. ఇంజన్ పైభాగమంతా విప్పల్లంట. ఇప్పుడే ఏం కాదులే, ఆర్నెల్లు నడుస్తాదన్నాడు."

"ఆర్నెల్ల తర్వాత?"

"ఆర్నెల్ల తర్వాత ఏ బండి ఎట్లుంటాదో నాకేం తెలుసు? పాత బండి పాత బండే. ఆ పిల్లకు తెలీదా?"

"ఆ పిల్ల ఎవరికీ చూపించలేదు. నేను బాగుందన్నానని తీసుకుంటాంది."

"చూపించుకోవద్దని నేనన్నానా?"

అనలేదు. ఆ పిల్లతో సురేంద్ర ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆడవలసిన అవసరం రాలేదు. ఆ అబద్ధం రమ్య నోటి నుంచి నిజం లాగా ముందే వచ్చేసింది, మిగిలిన పని స్ప్రే సీసా చేసింది.

"అందుకే నాచేత కడిగించినారు."

"ఊరికే పెద్దది చెయ్యొద్దు. రేపు వాళ్ళు వచ్చేలోపల ఆ పౌడరు తుడిచెయ్. సాయంత్రం కొత్త బండి వస్తాది. దీన్ని నడినెత్తిన పెట్టుకోవాల్నా?" అంటూ అతను లిఫ్టు మీట నొక్కాడు. అన్నం చల్లారుతుందని కూడా అన్నాడు.

రమ్యకు కోపం వచ్చింది. అది కృష్ణప్రియ కోసం వచ్చిన కోపమని ముందు అనుకుంది. కాసేపటికి, అందులో సగానికి పైగా తను అంత శ్రద్ధగా చేసిన పని చెడిపోయిందన్న కోపమేనని గమనించి సిగ్గుపడింది.

సాయంత్రం కృష్ణప్రియే ఆఫీసు క్యాంటీన్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, రేపు మా అమ్మ గూడ వస్తది. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పూలు అన్నీ తెస్తనంటుంది. నువ్వు పరేషాన్ గాకు, జరసేపు పూజ, ఇగ పోతం."

"రానీలే ప్రియా, మంచిదే."

"రేపటి సంది ఆ ఆఫీసు క్యాబోని మొఖం చూసే పనుండదక్కా. అందర్నీ దించి ఆఖరికి నన్ను తెస్తడు. లోపటి గల్లీకి రానని మెయిన్ రోడ్డు మీదనే దిగుమంటడు. ఇగ నా బండి, నా ఇష్టం. నడుమల ఆగిపోయే ఫికర్ గూడ లేదు, నీ చేతిల బండి గద."

"ప్రియా..."

"చెప్పక్కా."

హాల్లో సురేంద్ర టీవీ చూస్తూ కాఫీ తాగుతున్నాడు. టీవీ శబ్దం కాస్త తగ్గింది. రమ్య గిన్నెలో మరిగే పాలను చూస్తూ నిలబడింది.

"ఏం లేదు. స్టెప్నీలో గాలి కొట్టించినాలే," అంది.

గురువారం పొద్దున పౌడరు తుడిచేసింది. సురేంద్ర పక్కన నిలబడి ఫోన్ లైటు వేసి చూసి, బాగుందన్నాడు. ఆమె గుడ్డను రెండుసార్లు మడిచి, మరక లోపలికి పోయేలా జేబులో పెట్టుకుంది.

తల్లీకూతుళ్ళు ఆటోలో వచ్చారు. కృష్ణప్రియ తల్లి చంద్రమ్మ పండగకు వచ్చినట్టు పట్టుచీర కట్టుకుంది. సంచిలోంచి ఇత్తడి పళ్ళెం తీసి, వచ్చీరాగానే పనిలోకి దిగింది. కారు ముందు భాగాన పసుపుతో స్వస్తిక్ వేసి కుంకుమ బొట్లు పెట్టింది. బంతిపూల దండ కట్టింది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించింది. కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు రెండువైపులా చల్లింది. సురేంద్ర చేతులు కట్టుకుని భక్తిగానే నిలబడ్డాడు. ఆర్సీ బదిలీ కాగితాలూ రెండో తాళమూ పైన ఇంట్లో సిద్ధంగా పెట్టి వచ్చాడు.

"ఇగ ఇంజన్ తెరువుండ్రి," అంది చంద్రమ్మ.

"దేనికమ్మా? పైన పెట్టినారు గదా, చాలు," అన్నాడు సురేంద్ర.

"పైన పెట్టేది చూసేటోళ్ళకు సారూ. బండిని నడిపిచ్చేది గదే గద. దానికి బొట్టు పెట్టకుంట ఎట్ల తీస్కపోతం?"

సురేంద్ర లోపలి మీట లాగాడు. భయపడాల్సింది ఏమీ లేదు, పొద్దున్నే చూశాడు. బానెట్ లేచింది. చంద్రమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"అబ్బ! ఎంత సాఫ్ ఉంచినరు బిడ్డా. మా ఇంట్ల పొయ్యి గిట్ల గూడ ఇంత సాఫ్ ఉండది."

"నేను చెప్పలే? అక్క చేతిల బండి," అంది కృష్ణప్రియ గర్వంగా. రమ్య బానెట్ కడ్డీ సరిగ్గా నిలిచిందో లేదో ఇంకోసారి చూసింది.

చంద్రమ్మ పొట్టి మనిషి. ముందుకు వంగితే పట్టుచీర బంపర్‌కు ఆనుతోంది. చెయ్యి అందక పసుపు పొట్లం రమ్యకు అందించింది. "నువ్వే పెట్టు బిడ్డా. ఇన్ని దినాలు దాన్ని సాకినదానివి."

రమ్య పొట్లం తీసుకుంది. పసుపు పొడిగా, మెత్తగా ఉంది. ముందు చంద్రమ్మ చూపించిన చోట, ఇంజన్ నల్లటి మూత మీద, పళ్ళెంలోని తడి పసుపు రాసి కుంకుమతో మూడు బొట్లు పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయి ఆగింది. తర్వాత ఇంకొంచెం వంగి, పొడి పసుపును చిటికెలు చిటికెలుగా ఆ అతుకు పొడవునా చల్లింది. ముగ్గు పెట్టేటప్పుడు చెయ్యి ఎలా నడుస్తుందో అలాగే నడిచింది.

"గంత లోపటికెందుకు బిడ్డా?"

"అక్కడ కూడా ఉండనీ పెద్దమ్మా."

తల ఎత్తకుండానే సురేంద్ర తనను చూస్తున్నాడని ఆమెకు తెలిసింది. పూజలో చల్లిన పసుపును తుడవమని నలుగురిలో ఎవరు చెప్పగలరు? అతను బానెట్ మూశాడు, మామూలు కంటే గట్టిగా.

కృష్ణప్రియ స్టీరింగ్‌కు దండం పెట్టి స్టార్ట్ చేసింది. నిమ్మకాయలు పచ్‌మని నలిగాయి. మెయిన్ రోడ్డు మీద యూటర్న్ దాకా ఒక రౌండు కొట్టి వస్తామని చెప్పి తల్లీకూతుళ్ళు గేటు దాటారు.

"ఏం చేస్తాండావు నువ్వు?" అన్నాడు సురేంద్ర.

రమ్య చీపురు తెచ్చి నలిగిన నిమ్మకాయలు ఊడ్చింది. ఏం చేస్తున్నానో ఆమెకూ సరిగ్గా తెలియదు. రౌండు నుంచి వచ్చాక బానెట్ తెరవకపోతే ఏమీ చేయనట్టే. ఇంకా ఆ వీలుంది. చెత్తను డబ్బాలో పోసి వచ్చేసరికి కూడా ఉంది.

కారు తిరిగి వచ్చింది. మెయిన్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారట, చాలాసేపు పట్టింది. కృష్ణప్రియ దిగుతూనే రమ్య చేతులు పట్టుకుంది. "సిగ్నల్ల ఒక్కసారి గూడ ఆఫ్ గాలే అక్కా! ఆ లారీవాడు హారన్ కొట్టినా భయమైతలే."

రమ్య ఆ చేతులు మెల్లగా విడిపించుకుంది.

"బానెట్ ఒకసారి తెరుద్దాం."

"ఇప్పుడెందుకు? వేడిగా ఉంటాది," అన్నాడు సురేంద్ర. అది నిజమే. అందుకే ఆమె జేబులోని గుడ్డను చేతికి చుట్టుకుని కడ్డీ నిలబెట్టింది.

పైన మూడు బొట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లోపల, అతుకు వెంట, పసుపు తడిసి నల్లటి గోధుమ రంగుకు తిరిగింది. మధ్యలో ఒకచోట ముద్దయి, అక్కడి నుంచి ఒక చార కిందికి జారింది. కాలిన నూనె వాసన సన్నగా వస్తోంది.

ముందు మాట్లాడింది చంద్రమ్మ. "అయ్యో, పసుపు నల్లగైంది." కారు సీటు మీది పళ్ళెం తీసి చేత్తో పట్టుకుంది. "వద్దు బిడ్డా. బొట్టు పెట్టిన తావున గిట్లయితే మంచిది గాదు. ఇయ్యాల బండి తీస్కపోవద్దు."

సురేంద్ర మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "నిజమేనమ్మా. శకునం బాగలేనప్పుడు బలవంతం చెయ్యగూడదు. మీరేం అనుకోవద్దు. ఇంకొక పార్టీ కూడా అడుగుతాండారు, వాళ్ళకు ఇచ్చేస్తాంలే."

"అమ్మా, గివేం మాటలే?" కృష్ణప్రియ తల్లి చెయ్యి పట్టుకుంది. "పసుపుకు బండికి ఏం సంబంధం? నాకు గీ బండే గావాలె. అక్కా, నువ్వన్న చెప్పే అమ్మకు."

అందరూ రమ్య వైపు చూశారు. సురేంద్ర కూడా చూశాడు, కాస్త బతిమాలుతున్నట్టుగా. శకునం అన్న మాట ఎంత వీలుగా వచ్చిందో రమ్యకు తెలుస్తూనే ఉంది. దాని కింద అందరూ దాక్కోవచ్చు. ప్రియ మోసపోదు, సురేంద్ర మర్యాద పోదు, తను బాగుందన్న మాటా పోదు. సోమవారానికల్లా తను మళ్ళీ ఒకసారి కడిగితే, ఇంకెవరో వచ్చి బానెట్ ఎత్తకుండా కొనుక్కుపోతారు.

"శకునం కాదు పెద్దమ్మా," అంది. "ఆయిల్ కారుతాంది. ఇంజన్ గాస్కెట్ పోయింది. పైభాగమంతా విప్పి బాగుచెయ్యల్ల. కారేది తెలుస్తాదనే ఆడ పసుపు చల్లినా."

చంద్రమ్మకు గాస్కెట్ అంటే తెలియదు గానీ సురేంద్ర తల దించుకోవడం తెలిసింది.

కృష్ణప్రియ అడిగింది. "నీకెప్పుడు తెల్సింది?"

"మంగళవారం అనుమానం వచ్చింది. నిన్న పొద్దున ఖాయంగా తెలిసింది."

"నిన్న సాయంత్రం నేను ఫోన్ జేసిన గద."

"చేసినావు."

కృష్ణప్రియ తిట్టలేదు. తిట్టి ఉంటే రమ్య తట్టుకునేది. ఆ పిల్ల తాళంచెవిని పసుపు అంటిన వేళ్ళతోనే కారు మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

"నువ్వే కడిగితివి, నువ్వే చూపిస్తివి," అన్నాడు సురేంద్ర తక్కువ గొంతుతో. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అతని చెప్పుల చప్పుడు రెండో అంతస్తు దాకా వినిపించింది.

చంద్రమ్మ పళ్ళెం సర్దుకుని, కొబ్బరి చిప్ప ఒకటి పిట్టగోడ మీద పెట్టింది. "పిల్లకు పెట్టు," అని కూతురి వెనకాలే నడిచింది. బంతిపూల దండ కారుకే ఉండిపోయింది.

రమ్య బకెట్‌లో నీళ్ళు పట్టుకొచ్చింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఆ పిల్ల దగ్గర తన మాటకు ఇక విలువ లేదు. అది న్యాయమేనని కూడా తెలుసు. గుడ్డ తడిపి, కారు ముందు కొబ్బరినీళ్ళు పడిన చోట తుడవడం మొదలుపెట్టింది.

గేటు చప్పుడైంది. కృష్ణప్రియ ఒక్కతే వెనక్కి వచ్చింది. బయట ఆటోలో చంద్రమ్మ కనిపిస్తోంది. ఆ పిల్ల కారుకు రెండడుగుల దూరంలో ఆగింది. తెరిచి ఉన్న ఇంజన్‌లోకి చాలాసేపు చూసి, ఫోన్ తీసి ఆ నల్లటి చారను ఫోటో తీసుకుంది.

"మెకానిక్ దగ్గరికి ఎప్పుడు తీస్కపోతవు?"

"రేపు. నేనే తీసుకపోతా."

"నేను గూడ వస్త. ఇంజన్ విప్పేటప్పుడు ఆడనే ఉంట. మంచిగ చేసినంక తీస్కునుడా వద్దా చెప్త." ఫోన్ కిందికి దించింది. "ఈసారి నీ మాట మీద గాదు. నా కండ్లతోని చూస్త."

"చూడు," అంది రమ్య.

అక్కా అని అనలేదని రమ్య గమనించింది. గేటు దాకా సాగనంపుదామనుకుని, చేతిలో తడిగుడ్డ ఉండటం చూసుకుని, అక్కడే నిలబడిపోయింది. ఆటో వెళ్ళిపోయింది.

జేబులో ఫోన్ మోగింది. పై నుంచి సురేంద్ర. "సాయంత్రం కొత్త బండి వస్తాది. దాన్ని యాడ పెట్టాల?"

"రోడ్డు మీద పెట్టుకోండి. జాగా ఖాళీ లేదు," అని రమ్య ఫోన్ జేబులో వేసుకుంది.

తర్వాత ఆమె ఇంజన్ చల్లబడేదాకా ఆగి, మూత మీది కుంకుమ పక్కకు రాలినంత మేర తుడిచింది, వైర్ల మీద పడిన పసుపు దులిపింది, గుడ్డ గట్టిగా పిండి బకెట్ అంచున ఆరేసింది. అతుకు వెంట ఉన్న ఆ నల్లటి చారను మాత్రం ముట్టుకోలేదు. రేపు ఆ పిల్ల వచ్చి చూసేదాకా అది అక్కడే ఉండాలి.